ఒడ్డున పడ్డ ఓడ

తెలుగులో ‘ఒడ్డున పడ్డాం’ అంటే గండం గడిచిందని అర్థం. పెన్నకు నీళ్లొచ్చిన రోజున పుట్టిలో ఏరు దాటిన సోమశిల మనిషి అన్నా, కూతురి పెళ్లి చేసి ఊపిరి పీల్చుకున్న ఆత్మకూరు రైతు అన్నా ఆ మాటకు అర్థం అదే. తెరచాప ఓడ విషయంలో మాత్రం ఈ మాట తిరగబడుతుంది. ఓడకు నడిసముద్రమే క్షేమం, ఒడ్డే గండం. గాలి తోసుకొచ్చి ఇసుకదిబ్బ మీదో రాతి మీదో పడేస్తే ఆ ఓడ గతిని మూడు సంగతులు తేల్చేవి: ఆ ఒడ్డును ఏలే రాజు ఏమంటాడు, ఒడ్డున బతికే జనం ఏం చేస్తారు, పగిలిన ఓడను బాగుచేసే రేవు ఎంత దూరంలో ఉంది. తెలుగు తీరంలో కొన్ని వందల ఏళ్లపాటు ఈ మూడిటి చుట్టూ ఒక బతుకుతీరు అల్లుకుంది. మోటుపల్లి రాతిస్తంభం మీద దాని ధర్మం కనిపిస్తుంది. కోరంగి బురదలో దాని పనితనం కనిపించేది. తెరచాపతో పాటే అదీ పోయింది.

రేవులున్నా నీడ లేని తీరం

ఇచ్ఛాపురం నుంచి తడ దాకా తెలుగు తీరం దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఇంత పొడవునా ఓడ దూరి దాక్కోవడానికి ప్రకృతి ఇచ్చిన చోట్లు చాలా తక్కువ. వంశధార, గోదావరి, కృష్ణ, పెన్న ఏటేటా మోసుకొచ్చే ఒండ్రు తీరమంతా పరుచుకుని ఉంటుంది. వెలిగొండల సందులోంచి సోమశిల దగ్గర బయటపడిన పెన్న, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేచోట కూడా అంతే; మొగలో ఇసుక మేట, దాని మీద విరిగే కెరటాలు. అందువల్ల పెద్ద ఓడ ఒడ్డుకు దూరంగా, లోతున్న చోట లంగరు వేసి నిలబడేది. సరుకు, మనుషులు చిన్న పడవల్లో ఒడ్డుకు చేరేవారు. రేవు అనే మాటకు ఈ తీరంలో గోడలు, గట్లు ఉన్న చోటు అని అర్థం కాదు. ఎదురుగా ఓడలు ఆగే ఊరు అని మాత్రమే.

ఓడలు మాత్రం అనాదిగా తిరిగాయి. రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మతో శాతవాహనులు వేయించిన నాణేలు ఈ తీరంలో దొరికాయి. అక్కడి నుంచి ఈస్టిండియా కంపెనీ కాలం దాకా ఓడ తీరు ఎంత మారినా దాన్ని నడిపింది గాలే. అదే దాని బలం, అదే దాని బలహీనత. తెరచాప ఓడ గాలికి నేరుగా ఎదురు పోలేదు. ఏటవాలుగా అటూ ఇటూ తిరుగుతూ పైకి పాకాలి. తూర్పు గాలి ఉధృతంగా వీచి, పడమట ఒడ్డు దగ్గరపడితే తిరగడానికి చోటు చాలదు. లంగరు జారినా, తాడు తెగినా ఓడ నేరుగా ఒడ్డుకే.

ఆ ప్రమాదానికి ఒక కాలం ఉంది. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. అందుకే కంపెనీ కాలంలో అక్టోబరు నడిమి నుంచి డిసెంబరు నడిమి దాకా ఓడలు మద్రాసు ఎదుట నిలవకుండా తప్పుకునేవి. ఏడాదిలో ఆ రెండు నెలలూ కోరమాండల్ తీరం ఓడలకు శత్రుతీరం.

దెబ్బ తగిలే చోట్లు కూడా తెలిసినవే. దక్షిణాన దుగరాజపట్నం ఎదుట ఆర్మగాన్ ఇసుకదిబ్బ నీళ్లకింద పొంచి ఉంటుంది. మధ్యన కృష్ణా గోదావరుల మొగలు. ఉత్తరాన నేల స్వభావం మారి కొండలు సముద్రం దాకా వస్తాయి. విశాఖ దగ్గర డాల్ఫిన్స్ నోస్, భీమునిపట్నం దగ్గర రాళ్లు, ఆ పైన విజయనగరం తీరంలో చింతపల్లి ఎదుట నీటిలో మునిగిన రాళ్ల వరుస. ఇంగ్లీషు నావికుల పటాల్లో ఆ రాళ్ల పేరు శాంతపిల్లి. ఇసుక మీద పడిన ఓడకు కొంత గడువు ఉంటుంది, రాతి మీద పడిన ఓడకు ఉండదు. ప్రతి కెరటమూ ఓడను ఎత్తి అదే రాతి మీద కొడుతుంది.

మోటుపల్లి అభయం

పగిలిన ఓడ ఎవరిది? పూర్వం దీనికి చాలా దేశాల్లో ఒకటే జవాబు: ఒడ్డు ఎవరిదో ఓడ వారిది. తుపాను తెచ్చి పడేసిన సరుకు రాజు బొక్కసానికి పోయేది. సముద్రం మింగగా మిగిలినదాన్ని రాజు మింగేవాడు. ఒడ్డుకు చేరి ప్రాణాలు దక్కించుకున్న వర్తకుడు అక్కడే బిచ్చగాడయ్యేవాడు.

తెలుగు నేల మీద ఈ పద్ధతిని మార్చినట్టు చెప్పే శాసనం మోటుపల్లిలో ఉంది. ఇప్పటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఈ ఊళ్లో, వీరభద్రస్వామి గుడి మండపంలో ఒక స్తంభం మీద కాకతి గణపతిదేవుడు చెక్కించిన అభయశాసనం అది. శక సంవత్సరం 1166, అంటే క్రీ.శ. 1244-45. సంస్కృతం, తెలుగు రెండూ అందులో ఉన్నాయి. ద్వీపాంతరాల నుంచి, దేశాంతరాల నుంచి, పట్టణాల నుంచి వచ్చీపోయే సముద్ర వ్యాపారులందరికీ రాజు అందులో అభయం ఇచ్చాడు. ఒక దేశం నుంచి మరో దేశానికి బయలుదేరి, దుర్వాయువుకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారని శాసనం దాపరికం లేకుండా చెబుతుంది. తాను మాత్రం ఖాయపరిచిన సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదులుతున్నానని రాజు ప్రకటించాడు. కారణం కూడా చెప్పాడు: ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని ఇంత సాహసానికి దిగినవారి మీద దయ, తనకు కీర్తి, పుణ్యం.

ఆ ఖాయపు సుంకానికి శాసనం పెట్టిన పేరు క్లృప్తశుల్కం. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యోవంతు. ఆ తర్వాత చందనం, పచ్చకర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, తగరం, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, వక్కలు అంటూ సరుకుల వారీగా రేట్లు చెక్కించాడు. దయ, ధర్మం అన్న మాటల పక్కనే ఈ పట్టిక ఉండటంలోనే శాసనం అసలు తెలివి ఉంది. ఒక పగిలిన ఓడను దోచుకుంటే ఒక్కసారే లాభం. దోచుకోరన్న పేరు వస్తే ఏటా వంద ఓడలు వచ్చి ముప్పయ్యోవంతు కట్టిపోతాయి. అభయం ఇచ్చిన చేతిలోనే లెక్కల కాగితమూ ఉంది.

ఇంగ్లాండులో ఇదే విషయం మీద 1275లో ఒక చట్టం వచ్చింది. ఓడ నుంచి మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణంతో బయటపడితే దాన్ని దిక్కులేని ఓడగా లెక్కించకూడదని, సొంతదారు వస్తే సరుకు తిరిగివ్వాలని అది చెప్పింది. మోటుపల్లి స్తంభం దానికన్నా ముప్పై ఏళ్లు పెద్దది. బతికి బయటపడ్డ పిల్లిని చూపించమనే షరతు కూడా అందులో లేదు.

శాసనం ఫలితం ఎంతన్నది ఓడల రాకపోకలే చెప్పాలి. గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి కాలానికి ఈ తీరం ప్రపంచానికి బాగా తెలుసు. మార్కోపోలో తన యాత్రలో ముత్ఫిలి అని వర్ణించిన రాజ్యం పేరు ఈ మోటుపల్లి పేరే. అక్కడి వజ్రాలను, సాలెపురుగు గూడంత సన్నని బట్టలను అతను మెచ్చుకున్నాడు.

ఉదయగిరి ఏలుబడి

కాకతీయ రాజ్యం 1323లో కూలింది. తీరం రెడ్డిరాజుల చేతికి వచ్చింది. అనపోతారెడ్డి 1358లో మోటుపల్లి వర్తకులకు మళ్లీ అభయశాసనం వేయించాడు. సుంకాలు కొన్ని తగ్గించి, వచ్చి స్థిరపడేవారికి భూములిచ్చి, వారసుడు లేకుండా చనిపోయిన వర్తకుడి సొత్తును రాజు లాక్కునే పద్ధతిని మానిపించాడు. సంస్కృతం, తెలుగుతో పాటు తమిళం కూడా ఇందులో ఉండటం గమనించదగ్గది. చదవవలసినవాళ్లు దక్షిణం నుంచి కూడా వస్తున్నారన్నమాట. ఈ ఓడలు దింపిన సరుకు ఎక్కడికి పోయేదో తెలియాలంటే కొండవీటి కుమారగిరి రెడ్డి వసంతోత్సవాలు చాలు. ఆ ఉత్సవాలకు కర్పూరం, కస్తూరి, పన్నీరు సమకూర్చిన అవచి తిప్పయసెట్టికే శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చాడు. సింహళం నుంచి చీనా దాకా ఆ సెట్టి వ్యాపారం విస్తరించింది.

14వ శతాబ్దం చివర ఈ తీరం విజయనగరం కిందికి వచ్చింది. విజయనగరానికి తూర్పు సముద్రం వైపు గుమ్మం ఉదయగిరి. సముద్రం కంటికి కనిపించని మెట్టప్రాంతపు కొండ మీది దుర్గం ఇప్పటి నెల్లూరు, ప్రకాశం తీరాలను శాసించింది. గజపతుల చేతిలోకి పోయిన ఆ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. తీరం మీద పట్టు కావాలంటే ఉదయగిరి చేతిలో ఉండాలన్నది అతనికి తెలుసు.

రాయలు రాసిన ‘ఆముక్తమాల్యద’ రాజనీతి భాగంలో రేవుల గురించి, ఓడల గురించి చెప్పిన మాటలు మోటుపల్లి శాసనానికి కొనసాగింపులా ఉంటాయి. రాజు రేవులను బాగుచేయాలి. గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం, ముత్యాలు దిగుమతి అయ్యేలా వర్తకం పెంచాలి. తుపానుకు, జబ్బుకు, బడలికకు లోనై తన నేల మీద దిగిన పరదేశి నావికులను వాళ్ల వాళ్ల ఆచారాలకు తగ్గట్టు ఆదరించాలి. ఒక రాజు కావ్యంలో ఒడ్డున పడ్డ నావికుడికి చోటు దక్కింది. గణపతిదేవుడు సరుకు గురించి చెప్పాడు. రాయలు మనిషి గురించి చెప్పాడు.

తెప్పలవాళ్లు

శాసనం గుడిలో ఉంటుంది, ఓడ కెరటాల్లో ఉంటుంది. నడుమ ఉన్న అరమైలు నురుగును దాటగలిగినవాళ్లు తీరంలో కొన్ని కులాలవాళ్లే. నెల్లూరు వైపు పట్టపువాళ్లు, కృష్ణా గోదావరుల వైపు అగ్నికులక్షత్రియులు, ఉత్తరాన వాడబలిజలు, జాలర్లు. ఐరోపా ఓడల చిన్నపడవలు గట్టి చెక్కతో, మేకులతో బిగించినవి. ఈ కెరటాల్లోకి వస్తే తలకిందులయ్యేవి, లేదా నేలకు కొట్టుకుని చీలిపోయేవి. అందువల్ల ఎంతటి ఓడ కెప్టెనైనా ఇక్కడివాళ్ల రెండు సాధనాల మీదే ఆధారపడాల్సి వచ్చేది.

మొదటిది కుట్టుపడవ. ఇంగ్లీషువాళ్లు మసూలా పడవ అన్నది దీన్నే. పలకలను మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టి, కుట్టు సందుల్లో పీచు గానీ గడ్డి గానీ పెట్టి బిగిస్తారు. అడుగు బల్లపరుపు, పక్కలు ఎత్తు. కెరటం కొట్టినప్పుడు గట్టి పడవ విరుగుతుంది. కుట్టుపడవ బుట్టలా వంగి మళ్లీ నిటారవుతుంది. నీళ్లు కారుతూనే ఉంటాయి, ఒక మనిషి తోడుతూనే ఉంటాడు. పది పన్నెండుమంది తెడ్లు వేస్తుంటే పడవ పెద్ద అయిన తండేలు వెనక నిలబడి కెరటాలు లెక్కపెట్టేవాడు. పెద్ద కెరటాలు వరసగా వచ్చి పోయాక ఒక చిన్న విరామం వస్తుంది. ఆ విరామంలో అందరూ ఒక్క కేకతో లాగాలి. తప్పితే పడవ అడ్డం తిరుగుతుంది.

రెండోది తెప్ప. నాలుగైదు తేలిక దుంగలను తాళ్లతో కట్టిందే తెప్ప. తమిళంలో కట్టుమరం. ఇంగ్లీషు కాటమరాన్ ఆ మాట నుంచి పుట్టిందే. దానికి మునగడమన్నదే లేదు, ఎందుకంటే అందులో నీళ్లు నిలిచే లోపలి భాగమే లేదు. కెరటం మనిషిని ఎగరగొడితే ఈదివచ్చి మళ్లీ ఎక్కుతాడు. పడవలు దిగలేని గాలిలో కూడా తెప్పలు దిగేవి. తాటాకుతో నీరు చొరకుండా అల్లిన మొనదేలిన టోపీలో ఉత్తరాలు దాచుకుని తెప్పలవాళ్లు మద్రాసు ఎదుట ఆగిన ఓడలకు చేరవేసేవారు. కెరటాల్లో పడ్డ దొరలను కాపాడినందుకు వారికి పతకాలు దక్కేవి.

చిక్కుకున్న ఓడకు మొదటి సాయం ఈ తెప్పే. ఓడ నుంచి సన్నతాడు కొసను ఒడ్డుకు తేవడం, దానికి లావుతాడు కట్టి లాగడం, ఆ తాడు ఆసరాగా మనుషులను దించడం, ఆ తర్వాతే సరుకు. ఒడ్డున కావలి పెట్టడం కూడా రక్షణలో భాగమే. కొట్టుకొచ్చే పెట్టె, పీపా, దూలం ప్రతిదీ ఎవరో ఒకరి సొత్తు. అభయశాసనం అమలు కావలసిన చోటు రాజసభ కాదు, చీకటి పడ్డాక ఈ ఇసుక.

చిక్కిన ఓడను విడిపించడం

ఇసుకలో గానీ రాతి మీద గానీ ఆగిపోయిన తెరచాప ఓడను నీళ్లలోకి తేవడానికి ప్రపంచమంతటా దాదాపు ఒకటే క్రమం. మొదట తెరచాపలు దించుతారు, లేకపోతే గాలి ఓడను ఇంకా లోపలికి తోస్తుంది. సీసపు గుండు కట్టిన తాడు నాలుగు దిక్కులా వదిలి లోతు కొలుస్తారు. లోతు ఎటుందో తెలిస్తే దారి ఎటో తెలుస్తుంది. తర్వాత బరువు తగ్గించాలి. మంచినీళ్ల పీపాలు, అడుగున నింపిన రాళ్లు, ఫిరంగులు, చివరికి సరుకు. వెలిగొండ, పాలకొండల్లో పెరిగే ఎర్రచందనం మద్రాసు నుంచి ఐరోపాకు పోయినప్పుడు సరుకు కదలకుండా ఓడ అడుగున పేర్చే దుంగలుగా కూడా వాడేవారు. ఇలాంటి సమయంలో అవి కూడా నీళ్లపాలే. గాలి మరీ మొండిగా ఉంటే కొయ్యలను నరికేసేవారు. ఓడ అందమంతా పోయినా ఒళ్లు దక్కుతుంది.

ఎవరి సరుకు పారేయాలన్న ప్రశ్నకు పాత సముద్రధర్మం ఒక న్యాయం చెప్పింది. అందరి సొత్తు దక్కడం కోసం కొందరి సొత్తును విసర్జిస్తే, ఆ నష్టాన్ని అందరూ తమ వాటాల కొద్దీ పంచుకోవాలి. మధ్యధరా సముద్రంలో పుట్టిన ఈ సూత్రం నేటి ఓడ బీమాల్లో కూడా బతికే ఉంది.

ఆ తర్వాత పోటు కోసం కాచుకోవాలి. అమావాస్యకు, పున్నమికి నీళ్లు ఎక్కువ పొంగుతాయి గనుక ఓడ ఏ తిథిన చిక్కిందన్నదే దాని జాతకం. మామూలు పోటులో చిక్కితే పెద్ద పోటు వచ్చి ఎత్తుతుంది. పున్నమి పోటు పతాకస్థాయిలో చిక్కితే మరో పక్షం దాకా నీళ్లు అంత ఎత్తుకు రావు. పోటు వచ్చేలోగా లంగరును పడవలో పెట్టి లోతు వైపు తీసుకెళ్లి వదిలేవారు. దాని తాడును ఓడ మీది కాప్‌స్టన్ అనే నిలువు ఇరుసుకు చుట్టి, కర్రలు దూర్చి, గానుగ తిప్పినట్టు కళాసీలు తిరిగేవారు. లంగరు కదలదు కాబట్టి ఓడ కదలాలి.

విడిపించడంతో పని సగమే అయింది. రాయి చేసిన చిల్లు నీళ్లలోకి వచ్చాక బయటపడుతుంది. అప్పుడు పాత తెరచాపకు పీచు, ఉన్ని, పేడ దట్టంగా అంటించి, తాళ్లతో ఓడ అడుగునుంచి లాగి చిల్లు దగ్గరకు తెస్తారు. లోపలికి దూసుకొచ్చే నీళ్లే ఆ గుడ్డను చిల్లులోకి పీల్చి మూసేస్తాయి. దీనికి పేరుపడ్డ ఉదాహరణ కెప్టెన్ జేమ్స్ కుక్ ఓడ ఎండీవర్. 1770 జూన్ 11 రాత్రి అది ఆస్ట్రేలియా తీరపు పగడపు రాళ్ల మీద చిక్కుకుంది. ఆరు ఫిరంగులతో పాటు దాదాపు యాభై టన్నుల బరువు సముద్రంలో పారేసి, మర్నాటి రాత్రి పోటుకు దాన్ని లాగారు. తెరచాప కట్టుతో ఒక నదిలోకి చేర్చి ఒడ్డుకెక్కించి చూస్తే, పగడపు ముక్క ఒకటి విరిగి చిల్లులోనే ఇరుక్కుని ఉంది. ఓడను చీల్చిన రాయే బిరడాగా మారి కాపాడింది. బాగుచేసి బయలుదేరడానికి ఏడు వారాలు పట్టింది.

కుక్‌కు దొరికిన నదీముఖం లాంటి చోటు బంగాళాఖాతపు పడమటి ఒడ్డున ఒకటి ఉండేది. అదే కోరంగి.

కోరంగి వైద్యం

గోదావరి పాయల్లో ఒకటి సముద్రాన్ని చేరేచోట, యానాంకు దగ్గర్లో ఉంది కోరంగి. చుట్టూ మడ అడవి, మెత్తని బురద, లోపలికి పాకే పోటు. ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు ఉన్న రోజుల్లో ఈ ముగ్గురి ఓడలకూ కోరంగే దిక్కు. కలకత్తాకు, సింహళంలోని ట్రింకోమలీకి నడుమ పెద్ద ఓడను నీళ్ల నుంచి తీసి అడుగు బాగుచేయగల చోటు ఇదొక్కటేనని పాత జిల్లా చరిత్రలు చెబుతాయి. కంపెనీ సర్వేయరు మైకేల్ టాపింగ్ 18వ శతాబ్దం చివర ఈ సముద్రపు వంపును కొలిచాడు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో రోబక్ అనే ఇంగ్లీషువాడు ఇక్కడ ఓడల మరమ్మతు కోసం డాకు కట్టించాడు.

తీరంలో అందరూ తిట్టుకునే బురదే ఇక్కడ పెట్టుబడి. పెద్ద పోటు నాడు ఓడను తవ్వి ఉంచిన గుంతలోకి లాగుతారు. పాటు తీసి నీళ్లు వెనక్కి పోయాక మొగకు మట్టికట్ట వేస్తారు. మిగిలిన నీళ్లు తోడేస్తారు. ఓడ బురదలో ఒత్తిడి లేకుండా కూర్చుంటుంది. రాతి డాకులో లాగా దాని పొట్టకు ఊతాలు పెట్టే పని అంతగా ఉండదు. మరమ్మతు అయ్యాక మరో పెద్ద పోటు రోజున కట్ట తెంచితే ఓడ తానే లేస్తుంది. గుంతలోకి రాలేనంత పెద్ద ఓడలైతే సరుకంతా దింపి, కొయ్యలకు తాళ్లు కట్టి ఒడ్డు నుంచి లాగి పక్కకు వాల్చేవారు. ఒక పక్క అడుగు పైకి తేలాక పని చేసి, తర్వాత రెండో పక్క.

పని చేసేవాళ్లు కోరంగి, తాళ్లరేవు ఊళ్ల వడ్రంగులు, కమ్మర్లు. ముందు పాచి, ఆల్చిప్పలు గీకుతారు. గడ్డి మంటతో అడుగు కాలుస్తారు. ఓడపురుగు తొలిచిన పలకను సుత్తితో తట్టి, చప్పుడును బట్టి పట్టుకుంటారు. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చినది బొద్దుగా పలుకుతుంది. పలకకు టేకు వాడేవారు. గోదావరి మీద తెప్పలు కట్టి దించిన మన్యపు టేకు కొంత, బర్మా టేకు కొంత. వంపు తిరిగిన ఎముకల్లాంటి దూలాలకు మాత్రం కోసి వంచిన కర్ర పనికిరాదు. వంపుగానే పెరిగిన తుమ్మ లాంటి చెట్టు కొమ్మ కావాలి. సందుల్లో పీచు, దూది కూరి ఉలితో దట్టించి, పైన గుగ్గిలం నూనెలో మరిగించి పూస్తారు. పురుగు పట్టకుండా సున్నం, నూనె కలిపి నూరిన లేపనం ఇంకొకటి. ఆ పూత ఎండితే రాయిలా బిగుస్తుంది. ధనికుల ఓడలకు 18వ శతాబ్దం చివరి నుంచి రాగిరేకు తొడుగు వచ్చింది.

బాగుచేయడం వచ్చినవాడికి కట్టడమూ వచ్చు. కోరంగి, తాళ్లరేవుల్లో తయారైన ఓడలు మద్రాసు, కలకత్తా, రంగూన్ నడుమ తిరిగాయి. వాటిలోనే వేలమంది తెలుగువాళ్లు బర్మాకు కూలి కోసం పోయారు. చివరికి బర్మాలో తెలుగువాళ్లందరికీ ‘కోరంగీ’ అనే పేరు స్థిరపడింది. ఊరి పేరు జాతి పేరైంది.

ఆ పేరు ఇంకా దూరం పోయింది. 1845లో ‘కోరింగా ప్యాకెట్’ అనే ఓడ ఆస్ట్రేలియాకు తూర్పున పగడాల సముద్రంలో చిల్కాట్ దీవి దగ్గర మెరకకు తగిలి పగిలింది. ఎండీవర్ చిక్కిన పగడపు మెరకల సముద్రమే అది. ఆ ఓడ మళ్లీ లేవలేదు. అక్కడి చిన్న దీవులకు మాత్రం కోరింగా దీవులన్న పేరు మిగిలింది. వందల ఓడలను బతికించిన రేవు పేరు, ఒక ఓడ చావు వల్ల ప్రపంచ పటంలో నిలిచింది.

దీపాలు, కాలువ, పొగ ఓడలు

కోరంగిని మొదట దెబ్బతీసింది సముద్రమే. 1789 డిసెంబరు తుపానులో మూడు పెనుకెరటాలు ఒకదాని వెంట ఒకటి ఊరిని ముంచాయి. లంగరు వేసిన ఓడలు నేల మీదికి వచ్చిపడ్డాయి. కలకత్తాలో ఉండి తుపానుల లెక్కలు కట్టిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉత్పాతాన్ని వివరించాడు; సుడిగాలి తుపానుకు సైక్లోన్ అనే మాట అతని సృష్టి, 1848లో నావికుల కోసం అచ్చువేసిన పుస్తకంలో అది నలుగురికీ అందింది. ఆ పుస్తకానికి ముందే, 1839 నవంబరు 25న, మరో తుపాను కోరంగిని తుడిచిపెట్టింది. ఓడలను బాగుచేసే ఊరు తనను తాను పూర్తిగా బాగుచేసుకోలేకపోయింది. ఈలోగా గోదావరి తన పని తాను చేసింది. మొగలో ఏటేటా మేట పెరిగి, పెద్ద ఓడ లోపలికి రాలేని రోజు వచ్చింది. ఆ ఇసుకే కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్‌గా పొడుచుకొచ్చి కాకినాడ ఓడలకు కెరటాల నుంచి అడ్డు నిలిచింది. కోరంగి గొంతు మూసిన ఇసుక పక్క ఊరికి గొడుగైంది.

రెండో మార్పు ఓడ దారిలో వచ్చింది. 19వ శతాబ్దం నడుమ ఆర్మగాన్ దిబ్బను, శాంతపిల్లి రాళ్లను చూపించే దీపస్తంభాలు వెలిగాయి. ప్రమాదం ఎక్కడుందో చీకట్లో తెలిస్తే పగిలే ఓడలు తగ్గుతాయి. తీరం వెంట చిన్న పడవలకు సముద్రం అవసరమే తప్పింది. 1806లో మద్రాసు దగ్గర మొదలైన ఉప్పుకాలువ, 1876-78 కరువు పనులతో ఉత్తరానికి పొడిగించబడి, 1878 నుంచి బకింగ్‌హామ్ కాలువ అయింది. మోటుపల్లికి కూతవేటులోని పెదగంజాం దాకా అది సాగి కృష్ణా కాలువలతో కలిసింది. నెల్లూరు బియ్యం, ఉప్పు, కట్టెలు తుపాను భయం లేకుండా తెరచాప పడవల్లో, తాడు కట్టి లాగే పడవల్లో మద్రాసు చేరాయి. అవీ తర్వాత రైలుకు, లారీకి తావిచ్చాయి.

మూడోది ఆవిరి. 1869లో సూయజ్ కాలువ తెరిచాక దూరప్రయాణంలో తెరచాపకు రోజులు దగ్గరపడ్డాయి. పొగ ఓడ గాలికి ఎదురు పోగలదు. ఒడ్డు మీదికి గాలి తోసినా యంత్రం వెనక్కి లాగుతుంది. కోరంగి బురదగుంతకు దాని ఇనుప పొట్టతో పనిలేదు. దానికి కావలసింది బాయిలరు బాగుచేసే కర్మాగారం. కాకినాడ పెరిగింది, కోరంగి తరిగింది. విశాఖపట్నంలో కొండల నడుమ తవ్విన రేవులోకి 1933 అక్టోబరులో ‘జలదుర్గ’ అనే ఓడ ప్రవేశించడంతో తెలుగు తీరానికి మొదటిసారి గోడలున్న రేవు వచ్చింది. ఆ రేవు ముఖంలో ఇసుక చేరకుండా ‘జానస్’, ‘వెల్లెస్డన్’ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి కావాలని ముంచారు. ఒడ్డు నుంచి ఓడను కాపాడటానికి తరతరాలుగా పాట్లు పడ్డ తీరంలో, రేవును కాపాడటానికి ఓడలను ముంచే కాలం వచ్చింది.

మిగిలినవి

కోరంగిలో ఇప్పుడు ఓడల డాకు లేదు. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్ల మడ అడవి ఉంది. మడ, పొన్న, తిల్ల చెట్ల నడుమ నీటిపిల్లులు తిరిగే కాలువల్లో సందర్శకుల పడవలు పోతుంటాయి. తాళ్లరేవు చుట్టుపక్కల చేపల పడవలు కట్టేవాళ్లు ఉన్నారు. వాళ్ల చేతుల్లో పాత పనితనం కొంత మిగిలింది. కుట్టుపడవలు దాదాపు పోయాయి. చెక్క తెప్పల స్థానంలో ఫైబర్ తెప్పలు, వాటికి మోటార్లు వచ్చాయి.

ధర్మం మాత్రం చట్టంలోకి మారింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ సొత్తును దొరికినవారు అందుకోసం నియమించిన అధికారికి అప్పగించాలని 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం చెప్పింది. ఏడాదిలోగా సొంతదారు వచ్చి, ఖర్చులు చెల్లించి తీసుకుపోవచ్చంది. కాపాడినవారికి తగిన ప్రతిఫలం దక్కాలంది. ఓడ గానీ సరుకు గానీ దక్కితేనే ఆ ప్రతిఫలం అన్నది ప్రపంచమంతటా ఓడల రక్షణకు పాత సూత్రం. సొత్తు సొంతదారుడిదే, రాజుకు ఖాయపడిన రుసుమే అన్న ఆ నియమం మోటుపల్లి గుడిలోని స్తంభం మీద 1244 నుంచీ ఉన్నదే.